ఇంటిలో ఉన్న తుపాకి

మన సంఘాలలో కుమారుడో కుమార్తెయో అమెరికాలో ఉన్న కుటుంబాలు ఈనాడు తక్కువేమీ కాదు. పట్టణాల నుండే కాదు, పల్లెల నుండి కూడా చదువుకోసమో ఉద్యోగంకోసమో వెళ్లినవారున్నారు. ఆ దేశంలో ఎక్కడో కాల్పులు జరిగాయని వార్త రాగానే ఇక్కడి తల్లిదండ్రులు ముందుగా ఊరి పేరు చూస్తారు. ఆ తరువాత చనిపోయినవారి పేర్లలో మనవాళ్లెవరైనా ఉన్నారా అని వెదకుతారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతా అనే ఊరిలో, పని ముగించుకొని స్నేహితునితో కూర్చున్న హైదరాబాద్ యువ ఇంజనీరును, నా దేశం విడిచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. అడ్డుపడబోయిన ఒక అమెరికా యువకునికి కూడా తూటా తగిలింది. అతడు బ్రతికాడు. 2023 మే 6న టెక్సస్ రాష్ట్రంలోని ఆలెన్ ఊరి బజారులో ఎనిమిది మంది చనిపోగా, వారిలో ఒకరు మన తెలుగు అమ్మాయి.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన ఇళ్లలో వినబడే ప్రశ్న ఒకటే. “అంత తెలివిగల దేశం, అన్ని బైబిళ్లున్న దేశం, ఆ తుపాకులు తీసివేయవచ్చు కదా?” ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం చిన్నది కాదు. ఆ జవాబులో మన పల్లె ఇళ్లకు కూడా తగిలే మాట ఒకటి ఉన్నదని మాకు తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ముందుగా ఒక తేడా గ్రహించాలి. మన దేశంలో తుపాకి హక్కు కాదు, అనుమతి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, కావలసినవాడు దరఖాస్తు పెట్టుకోవాలి. పోలీసులు విచారణ చేస్తారు. అధికారికి తృప్తి కలిగితేనే లైసెన్స్ వస్తుంది. పంటను కాపాడుకోవడానికి నిజంగా అవసరమున్న రైతుకు, నోటి వైపు నుండి మందు కూరే పాతకాలపు తుపాకి ఇవ్వవచ్చునని కూడా ఆ చట్టంలో ఉన్నది. అడవి పందుల బెడద తెలిసినవారికి ఆ అవసరం ఏమిటో మేము చెప్పనక్కరలేదు. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్‌లో అప్పగించమని ఉత్తరువులు రావడం మన ఊళ్లలో పెద్దలకు తెలిసిన సంగతే. 2019లో చట్టం సవరించి, ఒక మనిషికి మూడు ఆయుధాలుండవచ్చునన్నదాన్ని రెండుకు తగ్గించారు.

అమెరికాలో ఇది తలక్రిందులు. అక్కడ తుపాకి రాజ్యాంగం ఇచ్చిన హక్కు. 1791లో చేర్చిన రెండవ సవరణలో ఇంగ్లీషున 27 మాటలున్న ఒకే ఒక్క వాక్యం ఉన్నది. ఆ వాక్యం మొదటి సగం ప్రజాసైన్యాన్ని గూర్చి మాట్లాడుతుంది, రెండవ సగం ఆయుధాలు కలిగియుండే ప్రజల హక్కును గూర్చి మాట్లాడుతుంది. ఈ రెండు సగాలలో ఏది ముఖ్యమన్న దానిమీదనే రెండు వందల ఏండ్లకు పైగా వాదన నడిచింది. 2008లో వారి సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో, ఇది సైన్యపు హక్కు మాత్రమే కాదు, తన ఇంటిలో తన్ను కాపాడుకొనే ప్రతి మనిషి హక్కు అని చెప్పింది. 2022లో ఇంటి వెలుపల కూడా వెంటబెట్టుకొని తిరిగే హక్కు ఉన్నదన్నది. 2024లో మాత్రం, భార్యాబిడ్డలకు ప్రమాదకరమని కోర్టు ఆంక్ష పెట్టిన మనిషి చేతిలోనుండి తుపాకి తీసివేయవచ్చునని ఎనిమిది మంది న్యాయమూర్తులు ఒప్పుకొన్నారు, ఒక్కరు ఒప్పుకోలేదు.

ఆ హక్కును పట్టుకొని వ్రేలాడేవారందరూ రక్తపిపాసులని మనం అనుకోకూడదు. ఆయుధం మాకే ఉండాలి, మీకు వద్దు అనే ప్రభుత్వాన్ని మనమూ చూశాము. 1878 ఆయుధాల చట్టం క్రింద భారతీయునికి లైసెన్స్ కావాలి, దొరగారికి అక్కరలేదు. గాంధీగారంతటి అహింసావాది ఆ చట్టాన్ని బ్రిటిష్‌వారి దుష్కార్యాలలో ఒకటిగా లెక్కించారు. ఆ భయమే అమెరికావారి మాటల వెనుక ఉన్నది. దానికి తోడు అక్కడి పల్లె బ్రతుకు వేరు. పొలం మధ్య ఒంటరి ఇల్లు. పోలీసు రావాలంటే ఎంతో సేపు పడుతుంది. కోళ్లను ఎత్తుకుపోయే జంతువులు, చలికాలానికి ముందు జింక వేట, తాతగారి రైఫిల్‌ను మనుమడు అందుకోవడం, ఇదంతా వారి కుటుంబ జీవితంలో భాగం. శ్వేతజాతి సువార్తిక క్రైస్తవులలో తుపాకి ఉన్నవారు దేశపు సగటుకంటె ఎక్కువ. వారు గ్రంథము తెరచి చూపించగలరు కూడా. నెహెమ్యా కాలంలో గోడ కట్టేవారు ఒక చేత పనిచేస్తూ ఒక చేత ఆయుధం పట్టుకొన్నారు. లూకా 22వ అధ్యాయంలో కత్తి లేనివాడు కొనుక్కోవలెనని ప్రభువే చెప్పాడు.

అయితే అదే అధ్యాయంలో శిష్యులు రెండు కత్తులు చూపగా ఆయన చాలునన్నాడు. కొంతసేపటికి వారిలో ఒకడు ఆ కత్తి వాడి మల్కు చెవి నరికితే, ఆయన దాన్ని బాగుచేశాడు. పదకొండు మందికి రెండు కత్తులు ఏ యుద్ధానికి చాలుతాయో చెప్పేవారు చెప్పాలి. నిర్గమకాండము 22వ అధ్యాయంలో కూడా రాత్రి కన్నం వేసిన దొంగను కొట్టి చంపినవానికి దోషం లేదని ఉన్నది కాని, ప్రొద్దెక్కిన తరువాత అలా చేస్తే దోషమని ఆ వెంటనే ఉన్నది. ఈ రెండవ మాట వాదనలలో అంతగా వినబడదు.

దేవుని మందిరాలకు కూడా ఈ చర్చ ఎక్కి వచ్చింది. 2015 జూన్ 17, బుధవారం సాయంకాలం, దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్‌లో ఇమ్మానుయేల్ మందిరంలో వాక్యధ్యానం జరుగుతుండగా ఒక యువకుడు వచ్చాడు. వారు అతనికి కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టుకొన్నారు. దాదాపు గంటసేపు వారితో కూర్చొని, కన్నులు మూసి ప్రార్థన చేసే వేళ లేచి తొమ్మిది మందిని చంపాడు. వారిలో పాస్టరుగారు ఒకరు. అతనికి ఆ తుపాకి అమ్మకూడనిది. కాని కొనుగోలుదారుని చరిత్ర విచారించడానికి చట్టం ఇచ్చిన గడువు మూడు రోజులు. కాగితాల పొరపాటు వల్ల జవాబు రాలేదు, గడువు దాటింది, అమ్మకం జరిగిపోయింది. 2017 నవంబరు 5న టెక్సస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ అనే పల్లెలో బాప్తిస్టు సంఘం ఆరాధనలో ఉండగా 26 ప్రాణాలు పోయాయి. ఆ లెక్కలో తల్లి గర్భంలోని శిశువు కూడా ఉన్నది. అక్కడ కూడా హంతకునికి తుపాకి అమ్మకూడదు. అతని నేరాన్ని సైన్యం పోలీసు రికార్డులకు పంపలేదు. అయితే అతణ్ణి ఎదిరించి తరిమినవాడు కూడా పొరుగున ఉన్న తుపాకి గల మనిషే. 2019 డిసెంబరు 29న అదే రాష్ట్రంలో వైట్ సెటిల్‌మెంట్ అనే ఊరి సంఘంలో ఇద్దరిని చంపినవాణ్ణి, సంఘపు కాపలా చూసే విశ్వాసి ఒకరు ఆరు సెకన్లలో కాల్చి ఆపాడు.

చూడండి, ఒకే రాష్ట్రపు మందిరాలు రెండు వైపులవారికీ సాక్ష్యం ఇస్తున్నాయి. అందుకే ఈ వాదన తెగదు. చట్టాలు రాలేదని కాదు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌గారూ రాబర్ట్ కెనెడీగారూ హతులైన ఏట, తపాలా ద్వారా తుపాకులు తెప్పించుకోవడం ఆపారు. 1993లో, కొనేవాని పూర్వచరిత్ర విచారించాలనే చట్టం వచ్చింది. 1994లో కొన్ని రకాల యుద్ధపు తుపాకులను నిషేధించి, 2004లో గడువు తీరగానే ఆ నిషేధాన్ని వదిలివేశారు. 2012లో శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పసిబిడ్డలు, ఆరుగురు పెద్దలు చనిపోయినప్పుడు కూడా అక్కడి పార్లమెంటు కదలలేదు. 2022లో యువాల్డీ పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయిన తరువాత ఒక చిన్న చట్టం చేశారు. ఇంతలో ప్రజల దగ్గర ఉన్న తుపాకుల సంఖ్య జనాభాను దాటింది. 2017 అంచనా ప్రకారం 39 కోట్లకు పైగా.

ఇంతవరకు చెప్పినది పత్రికలలో, టీవీలో వచ్చేదే. రానిది ఇప్పుడు చెబుతాము.

2023లో అమెరికాలో తుపాకి వల్ల 46,728 మంది చనిపోయారు. ఆ సంఖ్య చూడగానే మనకు దొంగలు, ఉన్మాదులు, జాతిద్వేషులు కళ్లముందు కదులుతారు. కాని వారిలో ఇతరుల చేతిలో హత్య అయినవారు దాదాపు 18 వేలు. 27 వేల మందికి పైగా తమ ప్రాణం తామే తీసుకొన్నవారు. అంటే నూటికి 58 మంది. పాఠశాలలలో, మందిరాలలో, బజారులలో జరిగే మహా ఘోరాలన్నీ కలిపినా ఆ ఏటి లెక్కలో బహు కొద్ది భాగమే. ఎక్కువ మరణాలు తలుపు వేసిన గదిలో, సొంత ఇంటిలో, దొంగ కోసమని కొన్న తుపాకితో జరిగినవి. పట్టణాలకంటె పల్లెలలో ఈ బాధ ఎక్కువ. దుక్కి దున్నే మనిషి, అప్పుతోనో ఒంటరితనంతోనో నలిగిన మనిషి.

హక్కు కావాలనేవారు బయటి దొంగను చూపుతారు. నియంత్రణ కావాలనేవారు బయటి హంతకుణ్ణి చూపుతారు. ఇంటిలో కూర్చొని ఉన్నవాణ్ణి ఇద్దరూ చూడడం లేదు.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం మనందరికీ కంఠపాఠమే. ఫిలిప్పీ చెరసాల, అర్ధరాత్రి, కీర్తనలు, భూకంపం. పౌలు సీలల పాటను గూర్చి మన ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాము. చెరసాల నాయకుని చేతిలోని కత్తిని గూర్చి అంతగా వినలేదు. అది అతని ఉద్యోగపు ఆయుధం, ఖైదీలను కాయడానికి ఇచ్చినది. తలుపులు తెరచి ఉండడం చూసి, ఖైదీలు పారిపోయారనుకొని, అదే కత్తి తనమీదికి త్రిప్పుకొన్నాడు. ఖైదీలు తప్పించుకుంటే కావలివాని ప్రాణం పోయే కాలమది. హేరోదు కావలివారికి ఏమి చేశాడో 12వ అధ్యాయంలో ఉన్నది. అయితే ఇక్కడ జరిగినది గమనించండి. ఎవ్వరూ పారిపోలేదు. అతడు అనుకొన్నది అబద్ధం. చీకటిలో ఒక నిమిషంపాటు ఒక అబద్ధం నిజమనిపించింది, చేతికందే దూరంలో కత్తి ఉన్నది, అంతే. పౌలు గట్టిగా కేక వేశాడు. తనకు తాను హాని చేసుకోవద్దని, తామందరమూ ఇక్కడనే ఉన్నామని చెప్పాడు. దీపాలు వచ్చాయి. తెల్లవారకముందే అతడు వారి గాయాలు కడిగి, కుటుంబమంతటితో బాప్తిస్మం పొందాడు.

వైద్యులు ఈనాడు చెప్పేది ఇంచుమించు ఇదే. ప్రాణం తీసుకోవాలనే తెగింపు చాలామందిలో కొన్ని నిమిషాలో, కొన్ని గంటలో ఉండి దాటిపోతుంది. ఒకసారి ప్రయత్నించి బ్రతికినవారిలో నూటికి 90 మంది ఆ తరువాత ఆ విధంగా చనిపోరు. తుపాకితో ప్రయత్నించినవారికి మాత్రం ఆ రెండవ అవకాశం ఉండదు. నూటికి 85 మందికి పైగా చనిపోతారు. ఇశ్రాయేలు సైన్యంలో, సెలవులకు ఇంటికి వెళ్లే యువ సైనికులు తమ రైఫిల్ వెంట తీసుకొనిపోయేవారు. 2006 నుండి దానిని శిబిరంలోనే వదిలివెళ్లమన్నారు. సైనికుల ఆత్మహత్యలు దాదాపు నూటికి 40 వంతులు తగ్గాయి. వారి కష్టాలు తగ్గలేదు, వారి మనస్సులు మారలేదు. రైఫిల్ మాత్రం ఇంటిలో లేదు.

అమెరికాలోనే న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో 2009లో, వారం తిరగక ముందే ముగ్గురు మనుష్యులు, ఒకరికొకరు సంబంధం లేనివారు, ఒకే దుకాణంలో తుపాకి కొని కొన్ని గంటలలోనే ప్రాణం తీసుకొన్నారు. ఆ దుకాణదారు నియంత్రణవాది కాదు, తుపాకి వ్యాపారి. చట్టప్రకారం అతని తప్పు ఏమీ లేదు. అయినా అతడు ఊరకుండలేకపోయాడు. ఆరోగ్యశాఖవారితో, తుపాకి ప్రేమికులతో కలిసి కూర్చొని, ఎవరికి అమ్మకుండా ఆపాలో, ఏ గుర్తులు చూడాలో దుకాణదారులకు నేర్పే పని మొదలుపెట్టారు. గోడమీద అంటించిన కాగితాలలో ఒక సలహా ఉన్నది. స్నేహితుడు కష్టకాలంలో ఉంటే, అది దాటేవరకు అతని తుపాకి మీ దగ్గర ఉంచుకోండి అని. త్రాగిన స్నేహితుని దగ్గర బండి తాళం తీసుకోవడం వంటిదే. హక్కు మాట అక్కడ ఎవ్వరూ ఎత్తలేదు. ఆ పద్ధతి తరువాత అనేక రాష్ట్రాలకు పాకింది.

మా అభిప్రాయం దాచము. హక్కు అన్నంతమాత్రాన హద్దు లేకుండా పోదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, క్రొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెచుట్టూ పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ ఉన్నది. మిద్దె అతనిది, స్థలం అతనిది, పడేవాడు తన అజాగ్రత్త వల్లనే పడవచ్చు. అయినా గోడ లేకపోతే రక్తాపరాధం ఇంటిమీదికి వస్తుందని దేవుడు చెప్పాడు. మిషిగన్ రాష్ట్రంలో 2021లో 15 ఏండ్ల బాలుడు, తండ్రి నాలుగు రోజుల క్రితమే కొన్న పిస్టల్‌తో పాఠశాలలో నలుగురు విద్యార్థులను చంపాడు. 2024లో కోర్టులు ఆ తల్లికీ ఆ తండ్రికీ కూడా శిక్ష వేశాయి. చెరి పది నుండి పదిహేను సంవత్సరాలు. అమెరికాలో పాఠశాల కాల్పులకు తల్లిదండ్రులకు అలాంటి శిక్ష పడడం అదే మొదలు. మా దృష్టిలో అది పిట్టగోడ న్యాయమే. ఇంటిలో తుపాకిని తాళం వేసి ఉంచమనే చట్టాలు కొన్ని రాష్ట్రాలలోనే ఉన్నాయి. అన్నిటిలో ఉండాలని మేము కోరుతాము. పైన చెప్పిన 2008 తీర్పు, వాషింగ్టన్ నగరపు తాళం నియమాన్ని కొట్టివేసింది. అత్యవసరంలో వాడుకోవడానికి వీలుండదని కారణం చెప్పింది. ఆ ఒక్క విషయంలో దొంగను గూర్చి ఆలోచించినంతగా పిల్లలను గూర్చి ఆలోచించలేదని మాకు అనిపిస్తుంది.

మహబూబ్‌నగర్, గద్వాల ప్రాంతాలలోని మెన్నొనైట్ బ్రదరన్ సంఘాలవారికి, ఆయుధం పట్టకూడదనే తమ పితరుల సాక్ష్యం తెలుసు. ఆ వంశపువారే అమెరికాలోని ఆమిష్ జనులు. గుర్రపు బండ్లలో తిరిగే వ్యవసాయదారులు. వారిలో చాలామంది జింక వేటకు రైఫిల్ ఉంచుకొంటారు, మనిషిమీద మాత్రం ఎత్తరు. 2006 అక్టోబరు 2న పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్‌లో వారి చిన్న బడిలోనికి ఒకడు దూరి పదిమంది బాలికలను కాల్చాడు. ఐదుగురు చనిపోయారు. అతడు తన్ను తానూ కాల్చుకొన్నాడు. అతడు పరాయివాడు కాడు, వారి ఇళ్ల నుండి పాలు తీసుకొనిపోయే లారీ డ్రైవరు. ఆ సాయంకాలమే ఆమిష్ పెద్దలు అతని భార్య దగ్గరకు వెళ్లారు. అతని సమాధి దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది వారే. క్షమాపణను గూర్చి లోకమంతా మాట్లాడింది. మాకు మాత్రం మరొకటి కూడా కనబడుతుంది. ఏండ్ల తరబడి దుఃఖం లోపల పెట్టుకొని నలిగిన మనిషి రోజూ ఇళ్ల ముందు ఆగి పాలు తీసుకొని పోయాడు, ఎవ్వరికీ తెలియలేదు.

ఇక మన సంగతి. మన ఇళ్లలో తుపాకులు లేవు. కాని దూలం మీదనో, మంచం క్రిందనో, ధాన్యపు బస్తాల వెనుకనో పురుగుమందు డబ్బా ఉన్నది. అది పంటకోసం కొన్నదే, వారికి తుపాకి దొంగకోసం కొన్నట్లు. పత్తి పోయిన ఏడు, అప్పులవాడు గుమ్మంలో నిలబడిన రోజు, తండ్రి కసిరిన సాయంత్రం, చేతికందే దూరంలో ఉన్నది ఆ డబ్బాయే. మన సంఘాలలో ఈ కారణంగా సమాధి కార్యక్రమం చేయని పాస్టరు అరుదు. ఆ కార్యక్రమాలలో మనం తగ్గు గొంతుతో మాట్లాడతాము, విశ్వాసం తక్కువైందంటాము. డబ్బా ఎక్కడ ఉన్నదని అడగము.

శ్రీలంకలో 1995లో అత్యంత విషమైన మందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను నిషేధించారు. పదేళ్లలో ఆ దేశపు ఆత్మహత్యలు సగానికి తగ్గాయి. అదే దేశంలో 180 గ్రామాలలో మరొక పరీక్ష చేశారు. సగం గ్రామాలలో ఇంటింటికీ తాళం గల పెట్టెలు ఇచ్చారు. మందు త్రాగినవారి సంఖ్యలో చెప్పుకోదగిన తేడా రాలేదు. తాళం చెవి ఆ ఇంటివాని దగ్గరనే ఉంటుంది కదా. కాబట్టి చట్టం అక్కరలేదు, జాగ్రత్త చాలు అనేవారితో మేము ఏకీభవించలేము. అక్కడ తుపాకి విషయంలోనూ, ఇక్కడ మందు విషయంలోనూ.

తమిళనాడులో కడలూరు జిల్లా పల్లెలు రెండింటిలో మరొక పద్ధతి చేసి చూశారు. మందు ఇంటిలో ఉంచకుండా ఊరుమ్మడి గదిలో ఒక్కొక్క రైతుకు ఒక్కొక్క పెట్టె ఇచ్చారు. కావలసిన రోజు వెళ్లి తెచ్చుకోవాలి, మిగిలినది తిరిగి పెట్టాలి. అక్కడ ఒక మనిషి ఉంటాడు. ప్రయత్నం చిన్నదే అయినా, ఆ ఊళ్లలో మందు వల్ల పోయే ప్రాణాలు తగ్గాయి. ఇంటికీ డబ్బాకూ మధ్య ఒక నడక ఉన్నది, ఆ నడక చివర పలకరించేవాడొకడు ఉన్నాడు. నలిగిన మనస్సుతో ఉన్నవారు, వారి ఇంటివారు, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడడానికి ప్రభుత్వపు టెలిమానస్ ఫోను నంబరు 14416. దానికి డబ్బు కట్టనక్కరలేదు.

కడలూరు ఊళ్లలో ఆ గదిని క్రొత్తగా కట్టించవలసి వచ్చింది. మన ఊళ్లలో మందిరం ప్రక్కన ఆదివారం బడికోసం కట్టిన గది ఒకటి ఉంటుంది. పెద్దల కమిటీలు వచ్చే కూటంలో, పిల్లలకు దూరంగా తాళం వేయదగిన చోటు ఊరిలో ఎక్కడ ఉన్నదో, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో మాట్లాడుకొని మాకు వ్రాయగలరా? ఖరీఫ్ మందులు ఇళ్లకు చేరేలోగా అయితే మరీ మంచిది.